సాయంకాలపు లెక్కలబడి

(నారాయణఖేడునందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చదువబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. నేను వక్తను గాను; పండితుడను గాను. ముప్పదియేండ్లకు మించి పల్లెబడులలో లెక్కలు చెప్పి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను. విద్యయొక్క మహిమను వర్ణించు ఉపన్యాసములు మన సభలయందు పెక్కు జరిగియున్నవి. కావున నేను విద్యయంతటిని గూర్చి గాక ఒక్క లెక్కను గూర్చి, అందును లెక్క రాని బిడ్డను గూర్చి మాత్రమే విన్నవింపదలచితిని.

ఇప్పుడే మన సంఘము పదవ తరగతియందును, ఇంటరునందును మంచి మార్కులు సంపాదించిన బాలబాలికలకు పతకములిచ్చి, శాలువలు గప్పి సన్మానించినది. వేదికపై నిలిచిన యా బిడ్డలను చూచి నా కన్నులు చెమర్చినవి. కాని అదే సమయమున నా దృష్టి పందిరి వెనుకకు మఱలినది. అచ్చట విస్తళ్లు వేయుచు, నీళ్లు మోయుచు తిరుగుచున్న పిల్లలును మన బిడ్డలే. వారిలో బడి మానినవారెందఱు? మానకున్నను ఏడవ తరగతి పుస్తకమును సంచిలో నుంచుకొని మూడవ తరగతి తీసివేత రానివారెందఱు? ఈ ప్రశ్నకు మన సంఘపు దస్త్రములలో సమాధానము లేదు. మొదటి శ్రేణివారి పేర్లు మనకు కంఠస్థములు. కడపటి వరుసవారి లెక్క మన యొద్ద లేదు. లెక్క రానివారి లెక్కయే మనకు లేకపోవుట కంటె వింత ఏమున్నది?

మన ప్రాంతపు స్థితి

నారాయణఖేడు పెక్కు భాషల కూడలి. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రములోని బీదరు జిల్లాకు చెందియుండెను. రాష్ట్రముల పునర్విభజనమున బీదరు కన్నడదేశమునకు పోగా, మన తాలూకా ఆంధ్రప్రదేశమున జేరి మెదకు జిల్లాలో భాగమాయెను. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పటినుండి అందున్నది. పటములో గీతలు మాఱినవి గాని ఇండ్లలోని భాషలు మాఱలేదు. ఒకే తరగతిలో తెలుగు మాటలాడు బిడ్డ, కన్నడము మాటలాడు బిడ్డ, మరాఠీ బిడ్డ, ఉర్దూ బిడ్డ, తండానుండి వచ్చిన లంబాడీ బిడ్డ ప్రక్కప్రక్కన కూర్చుందురు.

ఇది చాలవఱకు వానను నమ్ముకొన్న భూమి. మంజీర మన చెంతనే పాఱుచున్నను అందఱి చేలకు దాని నీరందదు. కావున దసరా, దీపావళి పండుగలు గడచినంతనే పల్లెలనుండియు తండాలనుండియు పెక్కు కుటుంబములు చెఱకు నఱకుటకై చక్కెర కర్మాగారములున్న సీమలకు తరలిపోవును. ఉగాది ప్రాంతమున మఱలివచ్చును. బడి జూను నెలలో తెఱవబడి ఏప్రిలులో మూయబడును. నడుమ అయిదు నెలలు పోయినచో ఆ బిడ్డకు మిగులునదేమి? వలసపోవువారి పిల్లలు ఊరనే నిలిచి చదువుకొనుటకై ప్రభుత్వము కొన్నియెడల ఆ కాలమునకు మాత్రమే వసతి గృహములు నడుపుచున్నది. మేలే. కాని తండ్రి ఒకచోట, తల్లి ఒకచోట, బిడ్డ వేఱొకచోట నుండుటకు అన్ని కుటుంబములును ఒప్పుకొనవు గదా!

తెలుగు వాచకములో నాలుగు పుటలు తప్పిపోయినను అయిదవ పుట చదువవచ్చును. గణితము అట్టిది గాదు. అది మెట్లబావి వంటిది. నడిమి మెట్టు విఱిగినచో నీటి యొద్దకు దిగుట కలలోని మాట. తీసివేత రానివానికి భాగహారము రాదు; భాగహారము రానివానికి భిన్నములు రావు; భిన్నములు రానివానికి బీజగణితమంతయు చీకటియే. ఐనను ఏటేట ఆ బిడ్డ తరగతి మాఱును. మెట్టు మాత్రము మాఱదు. పదవ తరగతిలో పరీక్ష తప్పినప్పుడు మనము "వానికి బుద్ధి లేదు" అందుము. వాని మెట్టు ఎన్నడు విఱిగినదో చూచినవారు లేరు.

పోవునది మార్కులు మాత్రమే గాదు

లెక్క రాకున్న నష్టము పరీక్షా మందిరముతో ముగియదు. నూటికి నెలకు 3 రూపాయల మిత్తి యనగా కొద్దిగానే తోచును. పదివేల రూపాయలకు అది నెలకు 300, ఏడాదికి 3,600. అనగా నూటికి 36 వంతున వడ్డి. ఈ గుణకారము తెలిసినవాడు కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు ఒకమాఱు తలగోకికొనును. మూడెకరముల ఇరువది గుంటల భూమిని నలుగురన్నదమ్ములు పంచుకొనవలెను. ఎకరమునకు 40 గుంటలు గనుక మొత్తము 140 గుంటలు, ఒక్కొక్కనికి 35. ఈ భాగహారము రాక తహసీలు కచ్చేరి చుట్టు తిరిగినవారిని నేనెఱుగుదును. చెఱకు నఱకబోవువాడు ముందుగా బయానా తీసికొనును. టన్ను చొప్పున కూలి దానిలో తగ్గించుకొనుచు పోవుదురు. ఎన్ని టన్నులు నఱకితిమి, ఎంత తీఱినది, ఇంకెంత మిగిలినది అను మూడు ప్రశ్నలకు సమాధానము గుంపుమేస్త్రీ పుస్తకములోనే యున్నచో, ఆ కుటుంబపు వచ్చు సంవత్సరము గూడ ఆ పుస్తకములోనే యున్నదన్నమాట.

కావున లెక్క యనగా ఉద్యోగమునకు సోపానము మాత్రమే గాదు, మోసపోకుండుటకు కవచము.

ఒక బాలిక కథ

కొన్ని సంవత్సరముల క్రిందట వేసవిలో ఒక పల్లెయందు ఒక బాలికను చూచితిని. పండ్రెండేండ్లది. చెఱకు తోటలనుండి తల్లిదండ్రులతో అప్పుడే మఱలివచ్చినది. పలకపై 302 నుండి 157 తీసివేయుమంటిని. 255 అని వ్రాసినది. మూడింట ఒకటి పోగా రెండు. సున్నకు అయిదు తీయలేక అయిదునే ఉంచినది. రెండింట ఏడు తీయలేక ఏడింట రెండు తీసి మఱల అయిదు వ్రాసినది. పెద్ద అంకెనుండి చిన్న అంకె తీయవలెనని ఎవరో చెప్పిన సూత్రమును పాపము నమ్మకముగా పాటించినది.

నేను పలక దింపించి, "అమ్మా, నీ యొద్ద 302 రూపాయలున్నవి. కిరాణా దుకాణమున 157 రూపాయల సరకు కొంటివి. ఎంత మిగులును?" అంటిని. ఆమె కన్ను మూసి తెఱచునంతలో, "నూటయేబదియేడునుండి నూటయఱువదికి మూడు, అచ్చటినుండి రెండువందలకు నలుబది, పైన నూటరెండు; నూటనలుబదియైదు" అన్నది. అంతటితో ఊరకుండక, "మా నాయన 35 టన్నులు కొట్టిండు; టన్నుకు మూడువందలైతే ముప్పయికి తొమ్మిదివేలు, అయిదుకు పదిహేనువందలు, పదివేల అయిదువందలు" అని గుక్కతిప్పుకొనకుండ చెప్పినది.

సోదరులారా! ఈ బిడ్డకు లెక్క రాదందుమా? వచ్చునందుమా? ఆమె నోట లెక్క యున్నది, చేతిలో లేదు. సంతలోని సంఖ్యకును, పలకపైని సంఖ్యకును నడుమ వంతెన లేదు. ఆ దినము నేను ఇంటికి పోయి నా యుద్యోగకాలమంతయు తలచుకొని సిగ్గుపడితిని. ఇట్టివారికెందఱికి నేను తప్పు గుఱుతు పెట్టి పుస్తకము తిరిగియిచ్చితినో!

ఇది నాకు దోచిన విషయము మాత్రమే గాదని తరువాత తెలిసినది. 1985లో టెరెజిన్హా నూనెస్ మొదలగు పరిశోధకులు బ్రెజిల్ దేశపు రెసిఫీ నగరవీధులలో పండ్లు, కొబ్బరికాయలు అమ్ము పిల్లలను పరీక్షించి, బేరములో తప్పని లెక్క కాగితముపై తప్పుచున్నదని ప్రకటించిరి. మన దేశముననే కలకత్తా, ఢిల్లీ నగరముల అంగళ్లలో పనిచేయు పిల్లలను పరీక్షించి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కే మొదలగువారు 2025లో నేచర్ అను శాస్త్రపత్రికయందు తమ ఫలితములను వెలువరించిరి. అంగడి పిల్లలు కఠినమైన బేరపు లెక్కలు మనసులోనే చేసిరి. బడి లెక్క ఇచ్చిన తడబడిరి. బడిలో మాత్రమే చదువుకొన్న పిల్లలు కాగితముపై చేయగలిగిరి, అంగడిలో తడబడిరి. ఒకరి యొద్ద నున్నది ఇంకొకరికి లేదు. వంతెన కట్టినవారు లేరు.

సంఖ్యల పేర్లలోని చిక్కు

మన ప్రాంతమున ఇంకొక చిక్కు కలదు. తెలుగున "ఇరువదిమూడు" అనునప్పుడు పదులు ముందు, ఒకట్లు వెనుక వచ్చును. వ్రాతలో నున్న వరుసయే నోటను వచ్చును. కన్నడమునందును అంతే. మరాఠీలో "తేవీస్", ఉర్దూలో "తేయీస్" అనునప్పుడు మూడు ముందు వినబడి ఇరువది వెనుక వచ్చును. ఆ యింటి బిడ్డ విన్న వరుసలో వ్రాసిన 32 అగును. అది మందబుద్ధి గాదు. వాని తల్లిభాష చెప్పిన వరుస. 2022–23 విద్యాసంవత్సరమునుండి మన ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. అందు "థర్టీన్" అనునప్పుడు మూడు ముందు, "ట్వెంటీ త్రీ" అనునప్పుడు ఇరువది ముందు. ఇన్ని వరుసల నడుమ చిక్కిన బిడ్డకు, "నీ యింట నేమందురు? ఇచ్చట నేమందుము? ఎట్లు వ్రాయుదుము?" అని ఓపికతో విప్పిచెప్పువారు కావలెను. అనేక తరగతులను ఒక్కడే చూచుకొను ఉపాధ్యాయునికి ఆ తీఱిక లేదు. ఆ తీఱిక సంఘమే సమకూర్పవలెను.

పూర్వుల మార్గము

గణితము మనకు పరాయివిద్య గాదు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట రాజగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. అమోఘవర్షుని రాజధానియగు మాన్యఖేటము నేటి కలబురగి జిల్లాలోని మళఖేడు. మన సరిహద్దునకు ఆవలి సీమయే. ఆ సంస్కృత గ్రంథమును పావులూరి మల్లన తెనిగించెను. తెలుగున శాస్త్రగ్రంథములకు అదియే తొలియడుగని పండితులందురు. వీథిబడులలో మన తాతలు ఎక్కములు వల్లించిరి. అర, కాలు, పరక, వీసము అని భిన్నములను నోట పలికిరి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యని ధాన్యము కొలుచుచు నేర్చిరి. ఆ బడిలో కొఱతలు లేకపోలేదు. పెక్కు కులములవారికిని, ఆడుబిడ్డలకును దాని గడప తొక్క నీయలేదు. కాని కొలత, ధాన్యము, అంకె మూడును అచ్చట ఒకేచోట నుండెను.

నిజాముకాలమున ఖానగీ బడి పెట్టుటకు గూడ ప్రభుత్వానుమతి కావలసియుండెను. ఆ గడ్డుదినములలోనే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1910 మొదలు భాగ్యరెడ్డివర్మ ఆదిహిందువుల బిడ్డలకై పాఠశాలలు స్థాపించెను. 1918లో రెడ్డి వసతిగృహము నెలకొన్నది. దానివెంట ఇతర కులముల వసతిగృహములును వెలసినవి. 1930లో మన పొరుగుననున్న జోగిపేటలోనే సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. వీరందఱును ప్రభుత్వము మేల్కొనువఱకు వేచియుండినవారు గారు.

దాతలకొక మాట విన్నవింతును. శ్రీనివాస రామానుజన్ కళాశాలా పరీక్ష తప్పి, విద్యార్థివేతనము పోగొట్టుకొని తిరుగుచుండగా, 1910 ప్రాంతమున ఆయన నోటుపుస్తకమును చూచి నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకొన్నవాడు నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారు. పరీక్ష తప్పినవాని పుస్తకమును తెఱచి చూచిన యా దాత ఓపికయే లోకమునకు రామానుజుని నిలిపినది. మన బిడ్డలందఱును రామానుజులగుదురని నేననను. తప్పినవాని పుస్తకము తెఱచి చూచువాడొకడు కావలెనని మాత్రమందును.

నా తప్పు, దానినుండి నేర్చినది

ఈ పని సులభమని చెప్పి మిమ్ము మభ్యపెట్టను. విశ్రాంతి గైకొన్న మొదటి యేట నేనును ఒక సాయంకాలపు బడి పెట్టితిని. నలుబదిమంది వచ్చిరి. నేను వారి వారి తరగతి పుస్తకములే తీసి పాఠములు చెప్పితిని. నాలుగు నెలలకు తొమ్మిదిమంది మిగిలిరి. చూడగా ఆ తొమ్మిదిమందియు నేను లేకున్నను నేర్చుకొనగలవారే! అవసరమున్న ముప్పదియొక్కరును మెల్లగా జాఱిపోయిరి. నేను బడిలో చేసిన తప్పునే ఇంటి అరుగుపై మఱల చేసితిని.

ఉత్తరప్రదేశములోని జౌన్‌పూరు జిల్లాలో గ్రామ స్వచ్ఛందసేవకులు పఠనశిబిరములు నడిపినప్పుడు గూడ అట్లే జరిగెనని చదివితిని. వచ్చిన పిల్లలు బాగుగ నేర్చిరి. రావలసినవారిలో పెక్కుమంది రానేలేదు. కావున బడి తెఱచి కూర్చుండిన చాలదు. ఇంటికి పోయి పిలువవలెను.

ఎట్లు చెప్పిన ఫలించునో గూడ తెలిసియున్నది. ప్రథమ్ అను సంస్థ ముంబయి, వడోదర నగరములలో ఆ పేటలకే చెందిన చదువుకొన్న యువతులను "బాలసఖి" అను పేర నియమించి, మూడు నాలుగు తరగతులలో వెనుకబడిన పిల్లలను పదునైదు ఇరువదిమంది చొప్పున కూర్చి, వారు విడిచిన మెట్టునుండి చెప్పించినది. 2007లో ప్రకటింపబడిన పరీక్షాఫలితములలో అట్టి పిల్లలకే మిక్కిలి లాభము కలిగెనని తేలినది. ఆ యువతులు బి.ఇడి. చదివినవారు గారు. వారి బలము రెండే: బిడ్డ యెచ్చట నున్నదో చూచిరి, అచ్చటినుండి నడిపించిరి. మన రాష్ట్రమున 2022లో ప్రభుత్వము ఆరంభించిన "తొలిమెట్టు" కార్యక్రమమునకును మూలసూత్రమిదియే.

రెండవ యేట నేనును మార్గము మార్చుకొంటిని. తరగతి యడుగుట మానితిని. ప్రతి బిడ్డకును నాలుగు ప్రశ్నలే: ఒకటినుండి తొమ్మిదివఱకు అంకె గుఱుతించునా? రెండంకెల సంఖ్య చదువునా? అప్పు తెచ్చు తీసివేత చేయునా? మూడంకెల సంఖ్యను ఒక అంకెచే భాగించునా? 2005నుండి దేశమంతట పల్లెలలో జరుగుచున్న అసర్ పరిశీలనమునందు అడుగు ప్రశ్నలివియే. ఏ ప్రశ్న యొద్ద బిడ్డ ఆగునో అదియే వాని గుంపు.

ముందు చెప్పిన బాలికకు జొన్నచొప్ప పుల్లలిచ్చితిని. పదేసి పుల్లలు కట్టగా, పదేసి కట్టలు మోపుగా ఆమె చేతనే కట్టించితిని. మూడు మోపులు, రెండు విడిపుల్లలు ముందుంచి, నూటయేబదియేడు తీసి నాకిమ్మంటిని. "రెండే ఉన్నవి, ఏడెట్లిత్తును?" అని తానే ఒక మోపు విప్పినది, పది కట్టలు వచ్చినవి. అందొక కట్ట విప్పినది. పది పుల్లలు వచ్చినవి. పండ్రెండు పుల్లలలో ఏడిచ్చి అయిదు, తొమ్మిది కట్టలలో అయిదిచ్చి నాలుగు, రెండు మోపులలో ఒకటిచ్చి ఒకటి మిగుల్చుకొన్నది. అప్పుడు పలక యిచ్చి, "ఇప్పుడు చేసినదే వ్రాయుము" అంటిని. నూటనలుబదియైదు వ్రాసి నా మొగము చూచి, "సార్, అప్పు తెచ్చుడంటే మోపు ఇప్పుడేనా?" అన్నది. ఆ యొక్క మాటతో వంతెన పడినది. ఆ వేసవిలోనే ఆమె భాగహారము వఱకు వచ్చినది. దసరా పిదప మఱల చెఱకు తోటలకు పోయినది. పోవునప్పుడు ఒక నోటుపుస్తకము వెంట తీసికొనిపోయి, దినదినమును టన్నుల లెక్క తానే వ్రాసినదని, ఆ యేడు తండ్రి మేస్త్రీతో లెక్క చూచుకొనునప్పుడు ఆ పుస్తకము ప్రక్కన నుంచుకొని కూర్చుండెనని తరువాత వింటిని.

ఆక్షేపణలకు సమాధానము

ఇది ప్రభుత్వము చేయవలసిన పని గదా యని కొందఱందురు. నిజమే. 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఆ భారమును ప్రభుత్వముపైననే ఉంచినది. ఉపాధ్యాయ నియామకములు కోరుటయు, పాఠశాల యాజమాన్య సంఘములలో కూర్చుండి ప్రశ్నించుటయు మనము మానరాదు. కాని మన యర్జీకి సమాధానము వచ్చులోపల బిడ్డ మూడు తరగతులు దాటిపోవును. రెండు పనులును ఒకేమాఱు చేయవలెను.

ఇంట గెలిచి రచ్చ గెలువవలెను గదా, ముందు మన కులపు బిడ్డలకే బడి పెట్టుదమని ఇంకొందఱందురు. ఆర్యులారా! ఇందు నేను మీతో గట్టిగా విభేదింతును. ఆ బిడ్డలు పగలంతయు ఒకే బల్లపై కూర్చుందురు. సాయంకాలమున ఒకని మాత్రము పిలిచి ప్రక్కవానిని వాకిట నిలిపినచో, లెక్కకు ముందు వారికి మనము నేర్పు పాఠము అదియే యగును. పైగా మరాఠీ బిడ్డ, లంబాడీ బిడ్డ లేని బడిలో ఆ సంఖ్యల పేర్ల చిక్కు విప్పుటెట్లు? అమెరికాలో నల్లవారి ఓటుహక్కునకై మిసిసిపీలో పోరాడిన రాబర్ట్ మోజెస్ 1982లో "ఆల్జీబ్రా ప్రాజెక్టు" స్థాపించెను. నాడు ఓటు ఎట్లో నేడు గణితము అట్లని, అది పౌరసత్వమునకు ద్వారమని ఆయన చాటెను. ద్వారము తెఱచువాడు ఒక్కని లోనికి పంపి గొళ్లెము వేయడు. మన సంఘము పేర బడి వెలయుగాక. దాని వాకిలి ఊరందఱిది కావలెను. సంఘమునకు అంతకంటె గౌరవము లేదు.

ధనమెక్కడిదని మూడవ ప్రశ్న. ఒక పల్లెలో పదునైదుమంది బిడ్డలకు దినమొక గంట చెప్పుటకు ఇంటరో, డిగ్రీయో చదివిన ఒక యువతికి నెలకు 3,000 రూపాయలిత్తమనుకొందము. పది నెలలకు 30,000, బిడ్డకు 2,000. పది పల్లెలకు మూడు లక్షలు. ఈ సభకు కట్టిన పందిరిని, తెచ్చిన శాలువలను, పూలదండలను చూచి మీరే లెక్కవేయుడు. ఈ లెక్కకు పలక అవసరము లేదు!

విన్నపములు

కావున ఈ మహాసభవారు ఈ క్రింది విషయములను ఆలోచించి తీర్మానింప ప్రార్థించుచున్నాను.

1. ఈ సంవత్సరము పది పల్లెలను, తండాలను ఎన్నుకొని, ప్రతిచోటను పదునైదుమందికి మించని సాయంకాలపు లెక్కలబడి నెలకొల్పవలెను. ఆ యూరి యువతీయువకులనే, అందును యువతులను ముందుగా నియమింపవలెను.

2. వలసపోవువారి బిడ్డలు ఉగాదికి వచ్చునప్పటికి బడి మూయు దినములు సమీపించును. ఏప్రిలు కడపటినుండి జూను వఱకు గల సెలవులే మనకు విత్తు కాలము. పనిని దసరాకు గాక వేసవిలోనే ఆరంభింపవలెను.

3. తరగతిని బట్టి గాక మెట్టును బట్టి గుంపులు కట్టవలెను. మొదటి దినమునను, పిదప మూడు నెలలకొకమాఱును ఆ నాలుగు ప్రశ్నలే అడిగి పట్టికలో వ్రాయవలెను.

4. పిలిచినను రాని బిడ్డ యింటికి సంఘ సభ్యుడొకడు స్వయముగా పోవలెను. రాకపోవుటకు కారణము బిడ్డది కాదు, మనదని తలపవలెను.

5. వచ్చు సంవత్సరపు సంచికలో పతకములు పొందినవారి ఛాయాచిత్రముల ప్రక్కన ఒక చిన్న పట్టిక వేయవలెను: ఎందఱు బిడ్డలు వచ్చిరి, ఎందఱు నిలిచిరి, ఎందఱు తీసివేతకు, ఎందఱు భాగహారమునకు చేరిరి. ఫలితము తక్కువయైనను దాచక వేయవలెను. లెక్క నేర్పబూనిన సంఘము తన లెక్క తప్పు చూపరాదు.

సోదరీసోదరులారా! పతకము పొందిన బిడ్డలను సన్మానించుట మానవలసినదని నేననలేదు. వారికి ఇంకొక గౌరవము గూడ ఇత్తము: వారానికి రెండు సాయంకాలములు వచ్చి, తమ తమ్మునికో, చెల్లెలికో ఒక మోపు విప్పి చూపుమని అడుగుదము. శాలువ కప్పుకొన్న భుజము ఇంకొకనికి ఆనుకొన నిచ్చినప్పుడే శోభించును.

వచ్చు మహాసభయందు పందిరి వెనుక నీళ్లు మోయుచున్న పిల్లలను ముందు వరుసకు పిలిచి, "మూడువందల రెండునుండి నూటయేబదియేడు తీయుము" అని పలక చేతికిచ్చి అడుగుడు. వారు తలవంచక వ్రాసిననాడు ఈ సభ సఫలమైనదని నేను తలంతును.